మంత్రి పదవికి వచ్చిన పీపీ కాల్

ఢిల్లీలో ఏర్పడిన ఒక మంత్రివర్గంలో ఒక పేరు ఉండాల్సిన చోట ఇంకో పేరు ఉంది. అందుకు కారణమైన ముగ్గురిలో నేనొకణ్ణి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, ఉండదు కూడా. ఆ మంత్రివర్గమే నెల తిరగకుండా పడిపోయింది కాబట్టి చరిత్ర రాసేవాళ్లు రెండు వాక్యాల్లో దాన్ని దాటిపోతారు. నాకు మాత్రం దాటిపోవడం చేతకాలేదు.

అప్పుడు, డెబ్బైల చివర్లో, నేను ఆళ్లగడ్డలో టెలిఫోన్ ఆపరేటర్ని. ఈ కాలం పిల్లలకు ఆ ఉద్యోగం ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. ఫోను ఎత్తగానే పలికే రోజులు కావవి. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న యాభై అరవై ఫోన్ల తీగలన్నీ నా ముందున్న బోర్డుకు వచ్చి చేరేవి. ఎవరైనా తమ ఇంట్లో ఫోను పిడి తిప్పితే బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర చిన్న రేకు తలుపు టక్కున పడేది. నేను తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, కలిపేవాణ్ణి. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్. ఆళ్లగడ్డ నుంచి ఎక్కడికి పోవాలన్నా ముందు నంద్యాల, తర్వాత కర్నూలు, ఆపైన హైదరాబాదు. ప్రతి మజిలీలోనూ ఒక ఆపరేటరు కూర్చుని ఉండాలి. మేం ఒకరినొకరు పేర్లతో పిలుచుకునేవాళ్లం కాదు. ఊరి పేరే మా పేరు. నేను ఆళ్లగడ్డ. ఆమె నంద్యాల.

ఆమె నాకంటే రెండేళ్లు పెద్ద. ముస్లింల ఇంటి పిల్ల. వాళ్ల నాయన నంద్యాల బజారులో గడియారాలు బాగు చేసేవాడు. ఇవన్నీ ఆమె చెప్పగా తెలిసినవే. రెండేళ్లపాటు రోజూ మాట్లాడుకున్నాం, ఒక్కసారి కూడా చూసుకోలేదు. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. ఎందుకు పోలేదని మీరు అడగొచ్చు. పోతే ఏమనుకుంటుందోనని ఒక భయం. చూసుకున్నాక ఈ మాటలు ఉంటాయో ఉండవోనని ఇంకో భయం. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది, ఆ గొంతు కోసమే నేను డ్యూటీకి పది నిమిషాలు ముందు పోయేవాణ్ణి.

పొద్దున ఆరింటికి లైను పరీక్ష చేయాలి. ఒకవైపు వాళ్లు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెబుతూ పోతే ఇవతలి వాళ్లు వినపడుతోందో లేదో చెప్పాలి. ఆమె అంకెలు చెప్పేది కాదు, పేపరు చదివేది. నంద్యాలకు పేపరు తెల్లారేసరికి రైల్లో వచ్చేది, మాకు బస్సులో పది గంటలకు గానీ వచ్చేది కాదు. "ఏమప్పా ఆళ్లగడ్డా, నిద్ర మబ్బు వదిలిందా? ఇను" అని మొదలుపెట్టేది. ఆ లైను సంగతి మా శాఖలో అందరికీ తెలుసు. గాలి వీస్తే గరగర, వాన పడితే మూగ. మాట్లాడేవాళ్లకు ఒకరి మాట ఒకరికి అందకపోతే మేమే మధ్యలో అందుకుని అటుదిటు, ఇటుదటు చెప్పాల్సి వచ్చేది. అట్లా ఎన్నో పెళ్లి సంబంధాలు, చావు కబుర్లు మా నోటి మీదుగా పోయాయి. కానీ పొద్దున ఆరింటికి, ఎందుకో, ఆ లైను చక్కగా వినపడేది.

ఆ ఏడు వానాకాలంలో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయి కొత్తది నిలబెట్టే పని జరుగుతోంది. ఏ ఒక్క పార్టీకీ బలం లేదు. కొన్ని పార్టీలు కలవాలి, ఇంకొకరు బయటినుంచి చెయ్యి వేయాలి. మంత్రివర్గమంటే ప్రధానమంత్రి కూర్చుని సమర్థులను ఏరుకుంటాడని నేను బళ్లో చదువుకున్నాను. ఆ పదిరోజులు పేపర్లో వచ్చిందీ, లైన్లో చెవిన పడిందీ వేరు. ఏ పార్టీకి ఎన్ని కుర్చీలు, వాటిలో పెద్దవి ఎన్ని, సహాయ మంత్రులు ఎందరు, ఏ రాష్ట్రానికి ఏం దక్కింది, ఏ కులం మిగిలిపోయింది. హోం శాఖ దొరకని వాళ్లు రైల్వే అడుగుతారు, రైల్వే దొరకని వాళ్లు వ్యవసాయంతో సర్దుకుంటారు, ఏదీ దొరకని వాళ్లు మద్దతు గురించి మళ్లీ ఆలోచిస్తామంటారు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పంపకాలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు, పెద్దోడికి బావి దగ్గర చేను, చిన్నోడికి ఎద్దులు, అలిగినవాడికి కొట్టం. అదే ఇది. కాకపోతే వీళ్లు కలవడానికే పంచుకుంటున్నారు.

మేమూ లైను మీద ఒక మంత్రివర్గం కట్టాం. ఆమె ప్రధానమంత్రి. కర్నూలు ఆపరేటరు ఎప్పుడూ అందరినీ కసిరేవాడు కాబట్టి ఆయనకు హోం శాఖ. నాకేమిస్తావని అడిగితే, "నువ్వు రూల్సు పుస్తకం చంకలో పెట్టుకోని తిరుగుతాంటావు గదా, న్యాయశాఖ నీకే" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకు నిబంధనలంటే అంత పట్టింపు. కోవెలకుంట్ల పక్కన ఒక మెట్ట పల్లె నుంచి వచ్చినవాణ్ణి, మా ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటివాణ్ణి. చేరిన రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, లైను మీద విన్నది బయట చెప్పనని. నాకు పని నేర్పిన పెద్దాయన, ఆపరేటరుకు చెవులుండాలి గానీ నోరుండకూడదన్నాడు. ఆ మాటను నేను మంత్రంలా పట్టుకున్నాను.

ఇక ముప్పై ఒకటో నంబరు గురించి చెప్పాలి. అది ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లెలో ఉన్న ఇల్లు. ఆ ఇంటి యజమాని రాజ్యసభ సభ్యుడు. లాయరు చదువు చదివినవాడు, మెత్తని మనిషి, ఎక్స్ఛేంజీకి వస్తే నిలబడే మాట్లాడేవాడు, మమ్మల్ని లేవనిచ్చేవాడు కాదు. ఆయన పార్టీ చిన్నది. మొత్తం కలిపితే ఒక జీపులో పడతారని ఆయనే నవ్వేవాడు. ఆ పార్టీ కూడా కొత్త కూటమిలో చేరింది. తమకు ఏమీ ఇవ్వరని అలిగి, నారుమళ్లకు కాలవ నీళ్లు వచ్చే వేళయిందని చెప్పి, ఆయన ఊరికి వచ్చేశాడు.

ఆ ఇంట్లో ఫోను ఎత్తేది వాళ్లమ్మ. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. ఫోను పక్కనే పీట వేసుకుని కూర్చునేది. మా సీమలో వర్గాలున్న పల్లెల్లో ఒక అలవాటు ఉంది. మగవాడు ఎక్కడున్నాడో బయటివాళ్లకు చెప్పరు. ఏ బస్సుకు పోతాడు, ఏ దోవన వస్తాడు, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఏదీ చెప్పరు. ఇంట్లో అన్నం తింటున్నా ఊళ్లో లేడనే అంటారు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, గొళ్లెం పెట్టుకోవడం లాంటిదే. ఎంపీ ఆ గొడవల జోలికి పోయినవాడు కాదు. కానీ ఆయన చిన్నప్పుడే వాళ్ల నాయనను చంపేశారు. ఎట్లా చంపారో నాకప్పటికి తెలియదు.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు నంద్యాల పిలిచింది. గొంతులో ఆట లేదు.

"ఆళ్లగడ్డా, ఢిల్లీ కాల్. లైట్నింగ్. పీపీ. ముప్పై ఒకటి కలుపు."

లైట్నింగ్ అంటే మిగతా కాల్స్ అన్నీ ఆపేసి దాన్నే ముందు పంపాలి. నా సర్వీసులో అప్పటికి అట్లాంటిది రెండుసార్లే చూశాను. పీపీ అంటే ఫలానా మనిషితోనే మాట్లాడతారు, ఆ మనిషి లేకపోతే ఇంకెవరికీ విషయం చెప్పరు. నేను రింగ్ ఇచ్చాను. అవ్వ ఎత్తింది. ఢిల్లీ నుంచి ఎంపీ అన్నకు ఫోను వచ్చిందన్నాను. లేడంది. యాడికి పోయినాడవ్వా అంటే తెలియదంది. ఎప్పుడొస్తాడంటే చెప్పి పోలేదంది. ఫోను పెట్టేసింది.

ఢిల్లీలో మాట్లాడుతున్నది పార్టీ నాయకుడి కార్యదర్శి. ఆయన రిసీవరు చేతిలో పట్టుకునే పక్కనున్న వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. అదంతా నంద్యాలకు వినపడుతోంది. ఆమెకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు, ఎప్పటికప్పుడు నాకు చెబుతోంది. వాళ్ల పార్టీకి ఒకే ఒక్క సహాయ మంత్రి పదవి ఇచ్చారు. దక్షిణాది మనిషి అయితే జాబితాకు అందంగా ఉంటుందని పెద్దలన్నారట. పన్నెండు గంటలకు జాబితా రాష్ట్రపతి దగ్గరికి పోతుంది. ఆ లోపల మన ఎంపీ ఫోనులో సరేనంటే ఆయన పేరు, లేదంటే ఉత్తరాది ఆయన ఒకరు గది బయటే కూర్చుని ఉన్నాడు, ఆయన పేరు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దని కార్యదర్శి గట్టిగా చెప్పాడు. జాబితా బయటపడితే కూటమిలో ఇంకో పార్టీ అలుగుతుందట.

అంటే మా చేతిలో మూడున్నర గంటలున్నాయి.

"విన్నావు గదా. ఆయమ్మకు విషయం చెప్పు. పిలిపిస్తాది" అంది నంద్యాల.

చెప్పకూడదన్నాను. ఎవరికి నష్టమని అడిగింది. నష్టం సంగతి కాదు, సంతకం సంగతి అన్నాను. మంత్రులు కూడా పదవి తీసుకునేటప్పుడు రహస్యం కాపాడతామనే ప్రమాణం చేస్తారు, మనమూ అదే చేశామని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు లోపల నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

"వాళ్లు నిలబెట్టుకున్న పొద్దు నువ్వూ నిలబెట్టుకుందువులే" అంది.

పదింటికి మళ్లీ కలిపాను. ఈసారి, చానా అవసరమవ్వా, ఎట్లన్నా చేసి పిలిపించు అని బతిమాలాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు. బతిమాలేకొద్దీ అవ్వ గొంతు గట్టిపడింది. అంత అవసరమైతే వాళ్లనే వచ్చి మాట్లాడమని చెప్పు, అంది. పదిన్నరకు ఇంకోసారి. అదే జవాబు. మధ్యలో కార్యదర్శి ఇద్దరినీ తిట్టాడు. ఇంగ్లీషు తిట్లు కాబట్టి నాకు సగమే తగిలాయి.

పదకొండూ ఇరవైకి నంద్యాల ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినపడింది. "కలుపు. నేను మాట్లాడతా" అంది. వద్దనలేదు నేను. కలిపాను. కలిపి, తీగ తీయకుండా వింటూ కూర్చున్నాను.

"అవ్వా, నేను నంద్యాల ఎక్స్ఛేంజి నుంచి. మీ కొడుకును ఢిల్లీలో మంత్రిని చేస్తాండారు. పన్నెండు లోపల ఆయన ఫోన్లో సరే అనల్ల. జల్దీ పిలిపియ్యవ్వా."

అటువైపు ఎక్కడో కోడి ఒకటి కూసింది.

"అమ్మీ, నువ్వెవురో నాకు తెల్దు" అంది అవ్వ. కోపం లేదు ఆ గొంతులో. "వీళ్ల నాయనను గూడా ఇట్లే పిలిచినారు. రెండు వర్గాలు కలిసి పంచాయితీ బోర్డు పెట్టుకుందాం, సగం మీకు, సగం మాకు, ప్రెసిడెంటు నువ్వే, రా కూర్చోని మాట్లాడుకుందాం అని. తెల్లగుడ్డలు కట్టుకోని పోయినాడు. మళ్లా రాల్యా. నా కొడుకు ఈడ ల్యాడు. యాడుండాడో నాకు తెల్దు."

ఫోను పెట్టేసింది. తర్వాత ఎంత రింగ్ ఇచ్చినా ఎత్తలేదు. నేను ఇస్తూనే ఉన్నాను. చెయ్యి నొప్పి పుట్టింది. పన్నెండూ ఐదుకు ఢిల్లీ కాల్ క్యాన్సిల్ చేసుకుంది. నంద్యాల నాతో ఒక్క మాటే అంది, పన్నెండయిపోయిందప్పా అని.

రెండు గంటలకు ఎంపీ మోటారుసైకిలు మీద వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఆయన పొద్దున్నుంచీ ఇంటికి ఫర్లాంగు దూరంలో, చేలో మోటారు కొట్టం దగ్గర ఉన్నాడు. అన్నానికి ఇంటికి పోతే, ఎవరో ఆడమనిషి మంత్రి పదవి అని ఆశ చూపించి పిలిచిందని వాళ్లమ్మ చెప్పింది. ఆయన మాట్లాడుతుంటే నా కళ్లు ఆయన వెనక గోడ దగ్గర బెంచీ మీదికి పోయాయి. అక్కడ మా లైన్‌మన్ కూర్చుని వేరుశనగ బుడ్డలు ఒలుచుకు తింటున్నాడు. పొద్దున ఎనిమిదింటి నుంచీ అక్కడే కూర్చున్నాడు. పక్కన సైకిలుంది. ముప్పై ఒకటిలో ఫోను రిపేరుంది, పోయి ఎంపీ సారును ఒకసారి కలిసి రాప్పా అని ఉంటే, అరగంటలో ఆ ఇంటి ముందు ఉండేవాడు. లైన్‌మన్‌ను ఆ ఇంట్లో అందరూ ఎరుగుదురు. ఏ రహస్యమూ చెప్పక్కర్లేదు, ఏ నిబంధనా తప్పక్కర్లేదు. మూడున్నర గంటల్లో నాకా ఆలోచన రాలేదు. చెప్పొచ్చా చెప్పకూడదా అన్నదాని చుట్టే తిరుగుతూ కూర్చున్నాను. గానుగెద్దుకు పక్కన దారి ఉన్నా కనపడదు.

ఆయన ఢిల్లీకి కాల్ బుక్ చేశాడు. ఐదింటికి దొరికింది. రెండు నిమిషాలు విని, సరే అని పెట్టేశాడు. బోర్డు అంచు పట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత నాతో అన్న మాట ఇది.

"మా యమ్మకు ఇది నిజం ఫోనని ఎవురూ చెప్పొద్దండి. ఎవురో మోసం చేయబోయినారనే ఉండనీ. తానే నన్ను కాపాడినాననుకుంటాంది. ఉండనీ."

నేను తలూపాను. అవ్వ ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు ఫోన్లో, ఆయమ్మ మళ్లీ చేసిందా నాయనా అని అడిగేది. చేయలేదవ్వా అనేవాణ్ణి. నా ముందు నా కొడుకు గుట్టు ఎవుడూ దీయలేడని నవ్వేది. కొన్నేళ్లకు అట్లా నవ్వుకుంటూనే పోయింది. నా సర్వీసులో నోరు మూసుకున్నందుకు నేను సంతోషపడేది ఆ ఒక్క చోటే.

సాయంత్రం రేడియోలో మంత్రుల పేర్లు చదివారు. పార్టీలన్నీ వచ్చాయి, రాష్ట్రాలు చాలా వచ్చాయి. సహాయ మంత్రుల్లో ఉత్తరాది ఆయన పేరు వచ్చింది. మరునాడు పొద్దున ఆరింటికి ఆమె పేపరు చదువుతూ ఆ పేరు దగ్గర ఆగి, తర్వాతి పేరుకు పోయింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. మేం అవ్వతో మాట్లాడుతున్నప్పుడు ఢిల్లీలో ఆ కార్యదర్శి లైను మీదే ఉన్నాడు. తెలుగు రాకపోయినా మంత్రి అనే మాట ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. వద్దన్నా ఆపరేటరు రహస్యం బయటపెట్టిందని ఆయన రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. ఆ కాగితం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడ నుంచి కర్నూలుకు నడుచుకుంటూ వచ్చేసరికి ఆ మంత్రివర్గం పడిపోయింది. ఎవరికైతే ఏ శాఖ ఇచ్చారో వాళ్లంతా కుర్చీలు ఖాళీ చేసే పనిలో ఉన్నారు. అయినా ఫిర్యాదు ఫిర్యాదే కదా. లేని మంత్రివర్గం రహస్యం ఎవరు బయటపెట్టారో తేల్చడానికి మా ఇద్దరినీ కర్నూలుకు పిలిచారు.

ఆఫీసు వరండాలో ఒక పొడుగాటి బెంచీ. నేను ఒక చివర కూర్చున్నాను. ఇంకో చివర ఒకామె, బురఖా ముసుగు వెనక్కి తోసుకుని, ఒళ్లో గొడుగు పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు అట్లా ఉన్నాం. ఆమె ప్యూనును, నీళ్లు యాడ దొరుకుతాయప్పా అని అడిగింది. అదే గొంతు. తల తిప్పి చూశాను. ఆమె కూడా చూసింది.

"ఆళ్లగడ్డనా?"

అవునన్నాను.

"గొంతు ఇని ఆరడుగులు ఉంటావనుకుంటి" అంది. నవ్వింది. ఆ నవ్వు రెండేళ్లుగా వింటున్నదే, ఇప్పుడు దానికి ఒక ముఖం వచ్చింది. కుడివైపు పన్ను ఒకటి కొంచెం ఎత్తు. ఏదో ఒకటి మాట్లాడాలి నేను. వెతుక్కునే లోపల ప్యూను నన్ను లోపలికి పిలిచాడు.

విచారణ చేసే ఆఫీసరు మంచివాడు. ఆ సంగతి అప్పుడే అర్థమైంది నాకు, తర్వాత కాదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య లైను సరిగా వినపడదంట గదా? ఆ రోజు ఆమె ఏమన్నదో నీకు స్పష్టంగా వినపడి ఉండదు" అన్నాడు. అడగలేదు ఆయన. దారి చూపించాడు. అవునండీ, గరగరలో ఏమీ తెలియలేదు అంటే అయిపోయేది. నా సాక్ష్యం లేకపోతే మిగిలేది తెలుగు రాని కార్యదర్శి మాట ఒక్కటే. రాష్ట్రంలో ఉన్న ఆపరేటర్లందరినీ పిలిచినా ఆ లైను గురించి నన్ను కాదనేవాడు లేడు.

"ఆ రోజు బాగా వినపడింది సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని నా వైపు ఒకసారి చూసి, రాసుకున్నాడు. ఆమె అన్న మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పాను. బయటికి వస్తూ నన్ను నేను నిజాయితీపరుడనుకున్నాను. చాలా ఏళ్లు అట్లానే అనుకున్నాను కూడా. ఇప్పుడు నా వయసులో ఇంకొకరి మెప్పు అక్కర్లేదు కాబట్టి చెబుతున్నాను, అది నిజాయితీ కాదు, భయం. తీగ తీయకుండా వింటూ కూర్చున్నవాణ్ణి నేను. ఆమెతో పాటు నన్నూ పట్టుకుంటారేమోనన్న భయం. దానికి నిజం అనే మంచి చొక్కా తొడిగాను.

ఏమని చెప్పినావని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె గొడుగు చేతిలోకి తీసుకుంది.

"తప్పు నాదేలే. న్యాయశాఖ నీకిచ్చింది నేనే గదా" అని లేచి లోపలికి పోయింది.

ఆమెను విజయనగరం బదిలీ చేశారు. నంద్యాలలో పుట్టి, నంద్యాలలో చదివి, నంద్యాల దాటి ఉద్యోగం చేయని మనిషి. గడియారాల అంగడి ఎత్తేసి వాళ్ల నాయన కూడా వెంట పోయాడని తర్వాత విన్నాను. ఆమె చివరి డ్యూటీ రోజు పొద్దున ఆరింటికి నేను చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. లైను తెరుచుకుంది. ఆమె పేపరు చదవలేదు. ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టింది. వినపడుతోందా అని అడిగింది. వినపడుతోందన్నాను. అంతే.

ఆ తర్వాత నంద్యాల నుంచి ఎన్నో గొంతులు వచ్చాయి. కొన్ని మంచివి, కొన్ని విసుగువి. అందరినీ నంద్యాలా అనే పిలిచాను. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ మాటకొస్తే నేను సుఖంగానే బతికాను. కానీ పొద్దున ఆరింటికి చెవి దానంతటది ఏదో వెతుక్కునేది. ఇప్పటికీ వెతుక్కుంటుంది.

ఎనభైలలో సగం గడిచాక ఆళ్లగడ్డకు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. బోర్డు పీకేసి నన్ను నంద్యాల ట్రంకు బోర్డుకు వేశారు. ఆమె కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాననుకుంటాను, కుర్చీలు మార్చేంత ఖర్చు మా వాళ్లు పెట్టరు. ఇప్పుడు నేనే నంద్యాల. విజయనగరం ఎంత దూరమని? కర్నూలు, విజయవాడ, అంతే, మధ్యలో ఇద్దరు ఆపరేటర్లు. ఏ రోజైనా అడిగి ఉంటే ఖాళీ వేళలో కలిపేవాళ్లు, మాలో మాకు ఆ మర్యాద ఉంది. ప్రతి రోజూ రేపు అడుగుదామనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కర్నూలు మీదుగా విజయవాడ పిలిచి, విజయనగరం నుంచి కాల్ ఉంది, తీసుకో అంది. నంద్యాలలో ఒక విత్తనాల వ్యాపారి నంబరు. కీ తిప్పాను.

"నంద్యాలా? విజయనగరం మాట్లాడుతాండా."

అన్నేళ్లు ఆ చివరన ఉన్నా మాటలో మా సీమ 'తాండా' పోలేదు. నంబరు ఎంగేజ్‌లో ఉందండీ, రెండు నిమిషాలు ఆగండి అన్నాను. నా మాట నాకే ఎవరిదో అన్నట్టు వచ్చింది. ఆగుతానంది. లైను మీద మేమిద్దరమే ఉన్నాం.

ఆడ వాన పడుతోందా అని అడిగింది. లేదన్నాను. కొత్తగా వచ్చినారా అంది. కొంచెం కొత్తేనన్నాను. ఇంక మాట్లాడదనుకున్నాను.

"ఆళ్లగడ్డ బోర్డులో ఒకాయన ఉండేటోడు. రూల్సు పట్టుకోని యాలాడేటోడు. ఉండాడా ఆడ?"

నేనే అంటే చాలు. ఒక్క మాట. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న క్షమాపణ చెప్పేయొచ్చు. ఆమె నవ్వి ఏదో అనేది, నన్ను తిట్టినా తిట్టేది, తిడితే మాత్రం ఏం పోయింది. తిట్టకపోతే ఏం చేయాలన్నది నా భయం.

"ఆయన బదిలీ అయిపోయినాడండీ" అన్నాను. అందులోనూ అబద్ధం ఏమీ లేదు.

"అట్లనా" అంది. "యాడికో తెలుసా?" అని అడిగింది.

విత్తనాల వ్యాపారి నంబరు ఖాళీ అయింది. మీ నంబరు దొరికింది, మాట్లాడండి అని కలిపేశాను. మూడు నిమిషాలు ఎవరో జొన్న విత్తనాల గురించి మాట్లాడుకున్నారు. ఆ మూడు నిమిషాలూ నేను లోపల ఒకే మాట తయారు చేసుకున్నాను. వాళ్లు ఫోను పెట్టగానే కీ తిప్పి, విజయనగరం, విజయనగరం అని పిలిచాను. ఇంకోసారి పిలిచాను. మధ్యలో విజయవాడ అప్పటికే తీగ తీసేసింది. నా పిలుపు విని ఆ విజయవాడ ఆపరేటరే అందుకుని, మళ్లీ విజయనగరం కావాలా నంద్యాలా, కలపమంటావా అని అడిగింది.

వద్దన్నాను.